రన్‌ఫ్లాట్లు తీసేసి మామూలు టైర్లు వేస్తున్నారా? పంచర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బీఎండబ్ల్యూ, మినీ, కొన్ని బెంజ్ కార్లు వాడేవాళ్ళకి మొదటి సెట్ టైర్లు అరిగిపోగానే ఈ ఆలోచన వస్తుంది. రన్‌ఫ్లాట్ (గాలి దిగిపోయినా కొంతదూరం నడిచే టైరు) ఖరీదు ఎక్కువ, గుంతలో పడితే దెబ్బ నేరుగా నడుముకే తగులుతుంది, పైగా ఆ సైజు తిరుపతిలోనో చిత్తూరులోనో అడగ్గానే దొరకదు, చెన్నై నుంచో బెంగళూరు నుంచో తెప్పించాలి. చినపాండూరులో అపోలో వాళ్ళ టైర్ల ఫ్యాక్టరీయే ఉంది కానీ, మనకి కావలసిన 18 అంగుళాల టైరు రాత్రి తొమ్మిదికి ఏ షాపులో దొరుకుతుంది? అందుకని చాలామంది మామూలు ట్యూబ్‌లెస్ టైర్లకి మారిపోతున్నారు. నన్నడిగినా మారమనే చెబుతాను. కానీ టైర్లు మార్చిన రోజే డిక్కీలో ఉండే సామాను కూడా మారాలి, అది చేయకుండా బండి బయటికి తీయకండి. కింద ఉన్నవన్నీ మన వైపు కార్లున్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలే.

రన్‌ఫ్లాట్ తీసేస్తే అసలు పోయేదేమిటి?

పోయేది 80 కిలోమీటర్లు. రన్‌ఫ్లాట్ టైరు పక్క గోడలు, అంటే సైడ్‌వాల్, బాగా మందంగా గట్టిగా ఉంటాయి కాబట్టి గాలి మొత్తం దిగిపోయినా బండి బరువుని అవే మోస్తాయి. సాధారణంగా కంపెనీలు చెప్పే లెక్క గంటకి 80 కి.మీ. వేగం దాటకుండా 80 కి.మీ. దూరం. అంటే తిరుపతిలో టైరు పోయినా చిత్తూరు చేరుకోవచ్చు. ఆ ధీమాతోనే కంపెనీ వాడు స్టెప్నీ ఇవ్వలేదు, జాకీ ఇవ్వలేదు, కొన్ని మోడళ్ళలో అయితే స్టెప్నీ పెట్టుకునే గుంత కూడా వదల్లేదు. మీరు టైరు ఒక్కటే మార్చాననుకుంటారు, కానీ ఆ టైరుని నమ్ముకునే కంపెనీ వాడు మిగతావన్నీ తీసేశాడు. ఇప్పుడు వాటిని మీరు మళ్ళీ పోగు చేసుకోవాలి.

నా కారుకి ఉన్నవి రన్‌ఫ్లాట్లో కాదో ఎలా తెలుస్తుంది?

టైరు పక్కన రాసి ఉంటుంది, కంపెనీని బట్టి అక్షరాలు మారతాయి. బ్రిడ్జ్‌స్టోన్ అయితే ఆర్‌ఎఫ్‌టీ, మిషెలిన్ అయితే జెడ్‌పీ, గుడ్‌ఇయర్ అయితే ఆర్‌ఓఎఫ్, కాంటినెంటల్ అయితే ఎస్‌ఎస్‌ఆర్. బెంజ్‌కి వచ్చే వాటి మీద ఎంఓఈ అని ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కారు కొన్నవాళ్ళు ఇది తప్పకుండా చూసుకోండి. అమ్మినాయన ఎప్పుడో మామూలు టైర్లు వేసేసి ఉంటాడు, కొన్నాయన రన్‌ఫ్లాట్లే అనుకుని ఏ సామానూ లేకుండా తిరుగుతుంటాడు. నాలుగు చక్రాలూ చూడండి, ఒకటి చూసి వదిలేయకండి.

వెనక రెండే అరిగాయి. వాటి వరకు మామూలువి వేసి ముందువి ఉంచేయొచ్చా?

వద్దు. గట్టి టైర్లు ముందు, మెత్తవి వెనక ఉంటే మలుపులో బండి తీరే మారిపోతుంది, ముఖ్యంగా వానలో, ముఖ్యంగా ఘాట్‌లో. కార్ల కంపెనీలు కూడా కలపొద్దనే చెబుతాయి. నాలుగూ ఒకేసారి మార్చే డబ్బు చేతిలో లేకపోతే ఇంకో రెండు రన్‌ఫ్లాట్లు వేసుకుని ముందువి కూడా అరిగేదాకా ఆగండి. కొత్తగా వేసే వాటి లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు), స్పీడ్ రేటింగ్ (తట్టుకునే వేగం) పాతవాటి కంటే తక్కువ ఉండకూడదు. షాపులో తక్కువ రేటు చెప్పినప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

పాత రిమ్ములకే మామూలు టైర్లు పడతాయా?

పడతాయి. రన్‌ఫ్లాట్ కోసం చేసిన రిమ్ముకి లోపల అంచు కొంచెం ఎత్తుగా ఉంటుంది, దానివల్ల మామూలు టైరుకి ఇబ్బందేమీ లేదు. అల్లాయ్ గీరుకుపోకుండా మంచి మెషీన్ ఉన్న చోట చేయించుకోండి.

గాలి ఎంత పెట్టాలి?

డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద మీ టైరు సైజుకి ఎంత రాసి ఉంటే అంత. పొద్దున్నే బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. రేణిగుంట రోడ్డులో మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చాక చూసి, ఎక్కువ చూపిస్తోందని గాలి తీసేయకండి, తెల్లారేసరికి అది తక్కువైపోతుంది. మామూలు టైరులో గాలి తక్కువైతే సైడ్‌వాల్ నలిగి వేడెక్కుతుంది. ఎండాకాలం హైవే మీద టైర్లు పేలడానికి పెద్ద కారణం ఈ తక్కువ గాలే.

స్టెప్నీ లేకుండా తిరిగితే చట్టం ఒప్పుకుంటుందా?

కేంద్రం 2020 జూలైలో మోటారు వాహనాల నిబంధనలు సవరించింది, ఆ అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 3.5 టన్నుల లోపు ప్రయాణికుల కార్లకి ట్యూబ్‌లెస్ టైర్లు, టైరులో గాలిని గమనించే వ్యవస్థ, టైరు బాగుచేసుకునే కిట్ ఉంటే స్టెప్నీ లేకపోయినా సరే. అంటే స్టెప్నీ లేదంటే కిట్ అయినా ఉండి తీరాలి. రన్‌ఫ్లాట్ తీసేసి, కిట్ కొనకుండా, గాలి తగ్గితే వెలిగే ఆ లైటుని కూడా పట్టించుకోకుండా తిరిగితే చట్టం సంగతి తర్వాత, మీ ఇంట్లోవాళ్ళనే ప్రమాదంలో పెట్టినట్టు.

కిట్ సరిపోతుందా, స్టెప్నీ కూడా ఉండాలా?

అందరూ అడిగేది ఇదే. నా సమాధానం మీరు తిరిగే రోడ్డుని బట్టి ఉంటుంది.

టైరు పోవడం రెండు రకాలు. ఒకటి, రోడ్డుకి ఆనే భాగంలో మేకో స్క్రూనో దిగడం. ఇది పంచర్ కిట్‌తో పోతుంది, రంధ్రం 6 మిల్లీమీటర్ల లోపు ఉంటే పక్కాగా బాగుచేయొచ్చు. రెండోది సైడ్‌వాల్ చిరగడం, లేదా గుంత అంచుకి గట్టిగా కొట్టుకుని లోపలి దారాలు తెగి పక్కన బుడిపె లేవడం. దీనికి పుల్ల (రంధ్రంలో దూర్చే రబ్బరు పోగు) పనికిరాదు, సీలెంట్ (టైరులోకి ఎక్కించే జిగురు ద్రవం) పనికిరాదు, పంచర్ షాపాయన చేతిలో కూడా ఏమీ ఉండదు, టైరు మార్చాల్సిందే. మామూలు టైర్ల సైడ్‌వాల్ రన్‌ఫ్లాట్ అంత మందం కాదు కాబట్టి ఇప్పుడు ఈ రెండోదానికే ఎక్కువ భయపడాలి.

మీరు తిరుపతి టౌన్‌లోనే, లీలామహల్ సర్కిల్, తిరుచానూరు, కరకంబాడి రోడ్డు, ఎప్పుడైనా కొండ, ఇంతవరకే తిరిగేవాళ్ళయితే మంచి కిట్ ఒకటి, నమ్మకమైన పంచర్ షాపు నంబర్ ఒకటి, టోయింగ్ వాళ్ళ నంబర్ ఒకటి ఉంటే చాలు. ఎక్కడ ఆగిపోయినా అరగంటలో ఎవరో ఒకరు వస్తారు.

అలా కాకుండా పీలేరు, మదనపల్లె వైపు భాకరాపేట ఘాట్ మీదుగా వెళ్తుంటే, మామండూరు అడవి దాటి కోడూరు, కడప వెళ్తుంటే, చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు, బెంగళూరు వెళ్తుంటే స్టెప్నీ లేకుండా వెళ్ళకండి. నేను ఈ విషయంలో గట్టిగానే చెబుతాను. చిత్తూరు చుట్టుపక్కల గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద అంచులు పదునుగా ఉన్న రాతి ముక్కలు పడి ఉంటాయి, అవి టైరు పక్కన కోస్తే కత్తితో గీసినట్టే తెగుతుంది. అక్కడ సీలెంట్ డబ్బా చేతిలో పట్టుకుని నిలబడితే లాభం లేదు.

ఏ స్టెప్నీ అయినా పడుతుందా? స్నేహితుడి పాత కారుది ఒకటి ఉంది.

పడదు, కొలతలన్నీ చూసుకోవాలి. మొదట బోల్టుల అమరిక. ఉదాహరణకి ఎఫ్30 తరం బీఎండబ్ల్యూ 3 సిరీస్‌కి ఐదు బోల్టులు, 120 మి.మీ. వలయం. తర్వాత వచ్చిన జీ20కి ఐదు బోల్టులే కానీ 112 మి.మీ. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, దాని చక్రం దీనికి ఎక్కదు. మధ్యలో ఉండే పెద్ద రంధ్రం కూడా తేడానే, మొదటిదానికి 72.6, రెండోదానికి 66.6 మి.మీ.

తర్వాత ఎత్తు. ఇది చిన్న లెక్క, మీరే చేసుకోవచ్చు. 225/50 ఆర్17 టైరు తీసుకోండి: 50 అంటే వెడల్పులో నూటికి యాభై, కాబట్టి 225లో సగం 112.5, పైనా కిందా కలిపి 225, దానికి 17 అంగుళాలు అంటే 431.8 మి.మీ. కలిపితే మొత్తం 656.8 మి.మీ. ఇప్పుడు టీ135/80 ఆర్17 అనే సన్న స్టెప్నీ తీసుకుంటే 647.8 వస్తుంది. తేడా 9 మి.మీ., నూటికి ఒకటిన్నర కూడా లేదు, కొంత దూరానికి పర్వాలేదు. అదే టీ125/80 ఆర్17 అయితే 631.8, తేడా 25 మి.మీ., అది నేనైతే తీసుకోను. నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం వెళ్ళే కార్లలో ఈ తేడా గేర్ల మీద నేరుగా పడుతుంది, వాటికి ఎత్తు ఇంకా దగ్గరగా ఉండాలి.

మూడోది బ్రేకు. రిమ్ము చిన్నదైతే ముందు కాలిపర్‌కి (చక్రం లోపల బ్రేకు పట్టే భాగం) తగిలి తిరగదు. కొనేముందు షాపులోనే ముందు చక్రానికి ఎక్కించి, చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి. నాలుగోది బోల్టులు. స్టీల్ రిమ్ముకి అల్లాయ్ బోల్టులు పొడవెక్కువై లోపల తగలొచ్చు, దానికి తగిన పొడవు బోల్టులు విడిగా అవసరమైతే స్టెప్నీతోపాటే ఒక సంచిలో కట్టి పెట్టుకోండి.

డిక్కీలో చోటే లేదు, గుంతలో బ్యాటరీ ఉంది. ఎక్కడ పెట్టాలి?

నేల మీదే పడుకోబెట్టాలి, తప్పదు. కానీ ఊరికే పడేయకండి. సన్న స్టెప్నీ కూడా చేతికి బరువుగానే ఉంటుంది, ఘాట్ దిగుతూ గట్టిగా బ్రేకు వేస్తే అది ముందుకి దూసుకొస్తుంది, వెనక సీటులో పిల్లలుంటారు. డిక్కీ అడుగున సామాను కట్టుకోవడానికి ఇచ్చిన కొక్కేలుంటాయి, వాటికి రాట్చెట్ బెల్టు వేసి బిగించండి. రోజూ మోసుకు తిరగడం ఇష్టం లేకపోతే టౌన్‌లో ఉన్నన్నాళ్ళు ఇంట్లో పెట్టి, ఊరు దాటేటప్పుడు మాత్రం వేసుకోండి. చాలామంది చేసేది ఇదే, తప్పేమీ లేదు, కాకపోతే నెలకోసారి అందులో గాలి చూడాలి. సన్న స్టెప్నీకి 60 పీఎస్ఐ ఉండాలి, మామూలు టైరుకి పెట్టినంత పెడితే చాలదు.

జాకీ, పానా విషయంలో ఏం చూసుకోవాలి?

ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఈ కార్లలో చాలావాటికి నట్లు ఉండవు, బోల్టులుంటాయి. అంటే చక్రం తగిలించడానికి బయటికి పొడుచుకొచ్చిన కడ్డీలేమీ ఉండవు, చక్రాన్ని ఎత్తిపట్టుకుని రంధ్రాలు కలిపి బోల్టు దూర్చాలి. చీకట్లో, రోడ్డు పక్క మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని ఆ పని చేయడం నరకం. దీనికి వీల్ గైడ్ పిన్ అని దొరుకుతుంది, వేలంత లావు కడ్డీ, చివర మరలు ఉంటాయి. పై రంధ్రంలో దాన్ని బిగించి చక్రాన్ని దానికి తగిలిస్తే తర్వాత పని సులువు. మీ బోల్టు మర సైజుకి సరిపోయేదే కొనండి.

బోల్టు తల బీఎండబ్ల్యూలకి ఎక్కువగా 17 ఎంఎం. కంపెనీతో వచ్చే పొట్టి పానాతో అది ఊడదు, ఎందుకంటే టైరు షాపులో ఎయిర్ గన్‌తో వాయించి బిగించేస్తారు. పొడుగు కాడ ఉన్న పానా కొనుక్కోండి. టైర్లు మార్పించిన రోజే షాపాయనతో, 'అన్నా, గన్ ఆపి చివర్లో టార్క్ పానాతో బిగించు' అని చెప్పండి, అది ఎంత బిగువు పడిందో కొలిచే పానా. కొత్త బీఎండబ్ల్యూలకి చాలావాటికి 140 న్యూటన్ మీటర్లు, పాతవాటికి 120, మీ బండి పుస్తకంలో ఎంత ఉంటే అంత. లాక్ బోల్టు ఉంటే దాని తాళం ఎక్కడుందో ఇవాళే వెతకండి. అది గ్లవ్ బాక్సులోనో, డిక్కీ మూలలోనో, లేదా పోయినసారి సర్వీసు చేసిన చోట మర్చిపోయో ఉంటుంది. అది లేకపోతే మిగతా సామానంతా ఉన్నా దండగే.

జాకీ కొనేటప్పుడు అది ఎంత ఎత్తుకి లేస్తుందని అడుగుతారు, ఎంత కిందికి దిగుతుందని ఎవరూ అడగరు. టైరు కూర్చుంటే బండి అంచు నేలకి ఇంకా దగ్గరైపోతుంది, అప్పుడు జాకీ దూరాలి. ఒక చక్రంలో గాలి తీసేసి ఇంట్లోనే దూర్చి చూడండి. బండి కింద జాకీ పెట్టడానికి నాలుగు మూలలా ప్లాస్టిక్ దిమ్మలుంటాయి, వాటికి కాకుండా పక్కన రేకుకి పెడితే రేకు నలిగిపోతుంది. జాకీ కింద వేయడానికి అడుగు పొడవు గట్టి చెక్క పలక ఒకటి ఉంచుకోండి, మట్టిలో జాకీ కుంగదు. బోల్టులు చక్రం నేల మీద ఉన్నప్పుడే ఒక పట్టు వదులు చేయాలి, లేపాక కాదు. ఎదురు మూల చక్రానికి రాయి అడ్డు పెట్టాలి. బండి జాకీ మీద ఉన్నంతసేపూ కిందికి చేయి గానీ తల గానీ పెట్టొద్దు, లోపల ఎవరూ కూర్చోవద్దు.

చేతి తొడుగులు, తలకి కట్టుకునే టార్చి, ఒక పాత దుప్పటి. సెల్‌ఫోన్ లైటు నోట్లో పెట్టుకుని చేసే పని కాదిది.

పంచర్ పుల్ల నేనే వేసుకోగలనా?

వేసుకోగలరు. మేకు కనబడగానే పీకేయకండి, ముందు పుల్లకి జిగురు రాసి సూదిలోకి ఎక్కించి సిద్ధంగా పెట్టుకోండి. ఆ తర్వాత కటింగ్ ప్లేయర్‌తో మేకు పీకి, అది దిగిన కోణంలోనే ఆకురాయి కడ్డీని దూర్చి నాలుగైదుసార్లు ఆడించాలి. మొదటిసారి దూర్చేటప్పుడు గట్టిగానే ఉంటుంది, లోపల స్టీలు దారాలుంటాయి కదా, భుజం బలం పెట్టాలి. తర్వాత పుల్ల ఉన్న సూదిని నొక్కి, సెంటీమీటరు పైన బయట మిగిలేలా ఆపి, ఒక్క గుంజుతో సూది లాగేయాలి, పుల్ల లోపలే ఉండిపోతుంది. గాలి కొట్టి, సబ్బు నీళ్ళు పోసి బుడగలు రావట్లేదని చూసుకుని, మిగిలింది కోసేయండి.

గాలికి కారు సాకెట్‌తో నడిచే చిన్న కంప్రెసర్ కావాలి. ఇంజన్ ఆన్‌లో ఉంచే వాడండి. అది ఎక్కువసేపు ఆడితే వేడెక్కుతుంది, మధ్యలో ఆపండి. ఊరు చేరాక టైరు విప్పించి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించండి. పుల్ల మీదే నెలల తరబడి హైవేలో నూట ఇరవై తొక్కడం నాకు నచ్చదు.

సీలెంట్ డబ్బా సులువు కదా, అది చాలదా?

సులువే. బట్టలు మాయవు, జాకీ అక్కర్లేదు, ఒంటరిగా ఉన్నవాళ్ళకి, పెద్దవాళ్ళకి చాలా ఉపయోగం. కానీ సన్న రంధ్రాలకే. ఎక్కించిన వెంటనే బండి కదిలించాలి, అది లోపలంతా పరుచుకోవాలి. సుమారు 10 కి.మీ. వెళ్ళాక ఆగి గాలి మళ్ళీ చూడాలి, వేగం 80 దాటకూడదు. డబ్బా మీద ఇంకేమైనా రాసి ఉంటే అదే పాటించండి. చాలావాటికి గడువు నాలుగైదేళ్ళే, ఆ తేదీ డబ్బా మీదే ఉంటుంది. మే నెలలో తిరుపతి ఎండకి మూసిన డిక్కీలో అది ఉడుకుతుంది కాబట్టి నేను గడువు దాకా కూడా ఆగమనను. చక్రంలో గాలి సెన్సార్లు ఉంటే, సెన్సార్‌కి హాని చేయదని రాసి ఉన్న సీలెంట్ మాత్రమే కొనండి. పంచర్ షాపులో టైరు విప్పేముందు లోపల సీలెంట్ ఉందని చెప్పాలి. చెప్పకపోతే ఆ జిగురంతా ఆయన మీద పడుతుంది.

లైటు వెలిగింది. పంచర్ షాపు రెండు కిలోమీటర్లే. మెల్లగా వెళ్ళిపోవచ్చా?

వెళ్ళొద్దు. రన్‌ఫ్లాట్‌తో వచ్చిన అలవాటు ఇది, దీన్నే ముందు మార్చుకోవాలి. గాలి కొంచెం తగ్గి లైటు వెలిగితే గాలి కొట్టుకుంటూ వెళ్ళొచ్చు. కానీ టైరు పూర్తిగా కూర్చున్నాక మామూలు టైరు మీద కొద్ది వందల మీటర్లు నడిపినా సైడ్‌వాల్ రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగిపోతుంది. పంచర్ షాపులో అలాంటి టైరు విప్పితే లోపల నుంచి నల్లటి రబ్బరు పొడి రాలుతుంది, పక్క గోడ మీద చుట్టూ ఒక మడత గీత పడి ఉంటుంది. చిన్న మేకుతో పోయేదానికి కొత్త టైరు కొనాల్సి వస్తుంది.

లైటు వెలగ్గానే వేగం తగ్గించి, బండి పక్కకి లాగుతుంటే స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలి, చదునైన చోట ఆపండి. టైరు పేలినా అదే పద్ధతి. ఇంకొకటి, కొన్ని కార్లలో విడిగా సెన్సార్లుండవు, చక్రాలు తిరిగే వేగం తేడాని బట్టే కారు కనిపెడుతుంది. అలాంటి వాటికి టైర్లు మార్చాక, గాలి సరిచేశాక మెనూలోకి వెళ్ళి రీసెట్ చేయాలి. చేయకపోతే ఆ లైటుని నమ్మలేం.

తిరుమల ఘాట్‌లో పంచర్ అయితే?

ముందు అలిపిరి సంగతి. చెక్‌పోస్టులో ఎలాగూ అందరూ దిగి సామాన్లు స్కానింగ్‌కి పెట్టాలి. ఆ సమయంలో డ్రైవింగ్ చేసేవాళ్ళు బండి చుట్టూ ఒకసారి తిరిగి నాలుగు టైర్లూ చూడండి, అరచేత్తో పక్కలు తడమండి. ఎక్కడైనా బుడిపె తగిలితే పైకి వెళ్ళకండి, బండి కిందే పెట్టి బస్సెక్కండి.

పైకి వెళ్ళేది 1974లో వచ్చిన రెండో ఘాట్, దిగేది 1944 నాటి మొదటి ఘాట్. రెండూ వన్‌వే కాబట్టి ఎదురు బండ్లుండవు, ప్రమాదమంతా వెనక నుంచే. మలుపులోనో మలుపు దాటగానేనో ఆపితే వెనకొచ్చే బస్సుకి మీరు కనబడరు. టైరు పోయినా సరే, కొత్త టైరు పాడైనా సరే, తిన్నగా ఉన్న చోటో పక్కన వెడల్పు ఉన్న చోటో దొరికేదాకా మెల్లగా వెళ్ళి ఆపండి. టైరు డబ్బులతో వస్తుంది. హజార్డ్ లైట్లు వేసి, మనుషుల్ని గోడ వైపుకి దింపి, త్రికోణం బోర్డుని మలుపుకి అవతల, వచ్చేవాళ్ళకి ముందే కనబడే చోట పెట్టండి. వాలు మీద జాకీ ఎక్కించడం నేను ఒప్పుకోను. పుల్ల వేయడానికి జాకీ అక్కర్లేదు, మేకు కనబడే చోటికి వచ్చేలా బండిని కొంచెం కదిపితే చాలు. అది కుదరకపోతే ఘాట్‌లో తిరిగే టీటీడీ, పోలీసు సిబ్బందికి చెప్పండి, వాళ్ళు బండిని జాగ్రత్తైన చోటికి చేర్పిస్తారు. పిల్లలు అడవి వైపు వెళ్ళకుండా చూసుకోండి, శేషాచలంలో చిరుతలు తిరుగుతాయన్నది మనందరికీ తెలిసిందే.

రాత్రిపూట కుటుంబంతో ఉన్నాం, అడవి రోడ్డు. అప్పుడేం చేయాలి?

మామండూరు దగ్గరైనా, భాకరాపేట ఘాట్‌లోనైనా ఫోన్ సిగ్నల్ అన్ని చోట్లా ఉంటుందని నమ్మొద్దు. నంబర్లు కాగితం మీద రాసి కారులో పెట్టుకోండి. నేషనల్ హైవే మీదైతే 1033, ఏ ఆపదకైనా 112. పలమనేరు వైపు రాత్రి ఆగాల్సి వస్తే పొదల దగ్గరికి వెళ్ళకండి, కౌండిన్య అడవి ఏనుగులు రోడ్డు దాకా వస్తుంటాయి. వెలుతురు ఉన్న ధాబానో పెట్రోలు బంకో కనుచూపు మేరలో ఉంటే అక్కడిదాకా గాలి కొట్టుకుంటూ పోవడం మంచిది. చేతిలో కంప్రెసర్ ఉంటే ఇదే లాభం, మేకు దిగిన టైరు చాలాసార్లు ఒక్కసారిగా దిగదు, మేకు పీకకుండా గాలి కొట్టి ఐదు నిమిషాలు నడిపి, మళ్ళీ చూసి కొట్టుకుంటూ వెళ్ళొచ్చు.

సన్న స్టెప్నీ వేసుకుని చెన్నై వెళ్ళిపోవచ్చా?

ఎక్కడిదాకా అంటే, దారిలో తగిలే మొదటి మంచి టైరు షాపు దాకా. పుత్తూరు, నగరి దగ్గర తగిలితే అక్కడే ఆగండి. వేగం 80 దాటొద్దు, దాని మీదే రాసి ఉంటుంది. వెనక చక్రాలకి ఇంజన్ బలం వెళ్ళే కారులో వెనక టైరు పోతే, ఎత్తు తేడా ఉన్న స్టెప్నీని అక్కడ వేస్తే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ బలం పంచే గేర్లు) ఆపకుండా పనిచేయాల్సి వస్తుంది. దూరం ఎక్కువుంటే, నాలుగు చక్రాల సైజూ ఒకటే అయితే, ముందు చక్రం ఒకటి వెనక్కి వేసి స్టెప్నీని ముందుకి పెట్టడం మేలు. రెండుసార్లు జాకీ ఎత్తాలి, శ్రమే. వేసిన 50 కి.మీ. తర్వాత బోల్టులు మళ్ళీ ఒక పట్టు పట్టి చూడండి.

ఇన్సూరెన్స్, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉన్నాయి. ఇవన్నీ ఎందుకు?

ఉంచుకోండి, అవసరమే. కానీ పాలసీ కాగితంలో ఎంత దూరం ఉచితంగా లాగుతారో, ఫ్లాట్‌బెడ్ బండి వస్తుందో తాడు కట్టి లాగుతారో, టైరు ఖర్చు ఇస్తారో లేదో చదవండి. టైర్ల రకం మార్చిన సంగతి ఇన్సూరెన్స్ వాళ్ళకి మెయిల్‌లో చెప్పి జవాబు దాచుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

ఇంట్లో ఇంకొకరు కూడా బండి నడుపుతారు. వాళ్ళకి ఏం నేర్పాలి?

ఆదివారం పొద్దున ఇంటి ముందు బండి పెట్టి ఒక్కసారి వాళ్ళ చేతే మొత్తం చేయించండి. డిక్కీ తెరవడం, బెల్టు విప్పడం, లాక్ బోల్టు తాళం తీయడం, బోల్టు వదులు చేయడం, జాకీ ఎత్తడం, చక్రం దించి మళ్ళీ ఎక్కించడం, కంప్రెసర్ తగిలించడం. మీరు పక్కన నిలబడండి, చేయి పెట్టకండి. పొడుగు పానా మీద బరువంతా వేసినా బోల్టు కదలట్లేదంటే, అది ఆ ఆదివారమే తెలియడం మంచిది, సోమవారం షాపుకెళ్ళి సరిగ్గా బిగించమని చెప్పొచ్చు. చక్రం ఎత్తడం వాళ్ళ వల్ల కాదని తేలితే వాళ్ళకి సీలెంట్, కంప్రెసర్, రెండు ఫోన్ నంబర్లు చాలు. అవి డిక్కీ అడుగున కాకుండా సీటు కింద చేతికందేలా పెట్టండి.